ఒకటిన్నర మిల్లీమీటర్ల పింగాణీ గోడ: వేడి సోడియం బ్యాటరీల తయారీ కథ

తొమ్మిదో తరగతిలో మా సైన్స్ మాస్టారు కిరసనాయిలు సీసాలోంచి సోడియం ముక్క తీసి, జున్ను కోసినట్టు చాకుతో కోసి, శనగగింజంత ముక్కను నీళ్ల తొట్టిలో వేశారు. అది బుస్సుమంటూ నీటి మీద గిరగిరా తిరిగి, చివర్లో పసుపుపచ్చటి మంటతో టప్పున పేలింది. ముందు బెంచీలో ఉన్నవాళ్లం ఒక్కసారిగా వెనక్కి జరిగాం. ఆ లోహం మీద నాకు అప్పుడు పుట్టిన భయం ఇంకా పూర్తిగా పోలేదు.

అందుకే సోడియం–గంధకం బ్యాటరీ గురించి మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. సోడియాన్ని కరిగిస్తారు. దాని పక్కనే కరిగిన గంధకం ఉంటుంది. రెండూ ఒకే డబ్బాలో, 300 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో, పదిహేనేళ్లపాటు పగలూ రాత్రీ అలాగే ఉండాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే ఆ వేడిలో భగ్గుమంటాయి. వాటిని విడదీసి ఉంచేది ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పింగాణీ గొట్టం.

ఈ బ్యాటరీలో వాడే సరుకు చాలా మామూలుది. గంధకం పెట్రోలు, డీజిలు శుద్ధి చేసేటప్పుడు మిగిలే పదార్థం. విశాఖ రిఫైనరీతో సహా ప్రతి పెద్ద రిఫైనరీ దాన్ని టన్నుల్లో తీస్తుంది. సోడియం ఉప్పులోంచి వస్తుంది. గొట్టానికి వాడే అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడు, భూమి మీద కొరత లేని ఖనిజం నుంచి వస్తుంది. లిథియం, కోబాల్ట్ ఊసే లేదు. అయినా అరవై ఏళ్లుగా ఈ బ్యాటరీ ప్రపంచాన్ని గెలవలేదు, పూర్తిగా ఓడిపోనూ లేదు. కారణం వెతుక్కుంటూ వెళితే ప్రతిసారీ ఆ గొట్టం దగ్గరికే వచ్చి ఆగాల్సి వస్తుంది. ఇది రసాయన శాస్త్రం కన్నా ఎక్కువగా కుమ్మరి పనికి సంబంధించిన కథ.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. ఈమధ్య వార్తల్లో తరచూ వినిపిస్తున్న 'సోడియం అయాన్ బ్యాటరీ' వేరు. అది గది వేడిలో, లిథియం అయాన్ బ్యాటరీ పద్ధతిలోనే పనిచేస్తుంది. ఇక్కడ చెబుతున్నది కరిగిన సోడియంతో నడిచే వేడి బ్యాటరీల సంగతి. వీటిలో రెండు రకాలు ముఖ్యం: సోడియం–గంధకం, సోడియం–నికెల్ క్లోరైడ్.

లోపల ఏం జరుగుతుంది

మామూలు బ్యాటరీలో రెండు ఘన పలకలు, వాటి మధ్య ఒక ద్రవం ఉంటాయి. ఇందులో అంతా తలకిందులు. రెండు పక్కలా ద్రవాలు, మధ్యలో ఘనపదార్థం. గొట్టం లోపల కరిగిన సోడియం, బయట కరిగిన గంధకం ఉంటాయి. బ్యాటరీ నుంచి కరెంటు వాడుకుంటున్నప్పుడు సోడియం పరమాణువు తన ఎలక్ట్రానును వదిలేసి అయానుగా మారుతుంది. ఎలక్ట్రాను బయటి తీగ దారి పడుతుంది. అయాను మాత్రం పింగాణీ గోడలోంచి దూరి అవతలికి వెళ్లి, గంధకంతో కలిసి సోడియం పాలీసల్ఫైడు అవుతుంది. చార్జింగ్ పెడితే అదే దారిలో వెనక్కి వస్తుంది.

గంధకం విద్యుత్తును పోనివ్వదు. అందుకని దాన్ని ఒట్టిగా పోయరు, కార్బన్ పీచుతో చేసిన దళసరి మెత్తలో ఇంకిస్తారు. ఎలక్ట్రాన్లు ఆ పీచు మీదుగా నడుస్తాయి. సెల్ వోల్టేజీ మొదట 2.08 వోల్టుల దగ్గర నిలకడగా ఉండి, ఖాళీ అవుతున్నకొద్దీ 1.78 దాకా దిగుతుంది. అక్కడితో ఆపేయాలి. ఇంకా తోడితే పాలీసల్ఫైడు ఆ వేడిలో కరగని ఘనపదార్థంగా పేరుకుపోతుంది, దాన్ని మళ్లీ చార్జ్ చేయడం కష్టం.

సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది, గంధకం 115కి. మరి 300 దాటిన వేడి ఎందుకు? ఒక కారణం పాలీసల్ఫైడు. అది ద్రవంగా ఉండాలంటే అంత వేడి కావాలి. రెండో కారణం గొట్టమే. ఆ పింగాణీలో అయాన్లు చురుగ్గా కదిలేది కూడా ఆ వేడిలోనే.

అల్యూమినా కాని అల్యూమినా

ఆ పింగాణీ పేరు బీటా అల్యూమినా. పేరులోనే ఒక పొరపాటు దాగుంది. 1916లో దీన్ని మొదట గుర్తించినవాళ్లు ఇది అల్యూమినాకే మరో రూపం అనుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే అందులో సోడియం ఉంది, అది లేకపోతే ఆ రూపమే నిలబడదు. 1937లో బీవర్స్, రాస్ ఎక్స్‌రేలతో దాని నిర్మాణం తేల్చారు. అయినా దశాబ్దాలపాటు అది గాజు కొలిముల్లో వేడికి తట్టుకునే ఇటుకగానే పనికొచ్చింది.

దాని లోపలి కట్టడాన్ని అంతస్తుల మేడగా ఊహించుకోవచ్చు. అల్యూమినియం, ఆక్సిజన్ గట్టిగా పేర్చుకున్న దిమ్మలు శ్లాబుల్లా ఉంటాయి. రెండు శ్లాబుల మధ్య ఖాళీ అంతస్తులో అక్కడక్కడా ఒక ఆక్సిజన్ పరమాణువు స్తంభంలా నిలబడి ఉంటుంది. మిగతా చోటంతా సోడియం అయాన్లది. వాటికి కూర్చునే చోట్లు ఎక్కువ, కూర్చునేవాళ్లు తక్కువ. అందుకే ఒకచోటి నుంచి ఇంకోచోటికి సులువుగా గెంతుతుంటాయి. ఎలక్ట్రాన్లకు మాత్రం ఆ మేడలో దారి లేదు. బ్యాటరీకి కావలసింది సరిగ్గా ఇలాంటి గోడే: అయాన్లను పోనివ్వాలి, ఎలక్ట్రాన్లను ఆపాలి.

1960ల మధ్యలో అమెరికాలోని ఫోర్డ్ మోటార్ కంపెనీ ప్రయోగశాలలో జోసెఫ్ కుమ్మర్, నీల్ వెబర్ ఈ గుణాన్ని పట్టుకున్నారు. ఘనపదార్థంలో అయాన్లు దాదాపు ద్రవంలో కదిలినంత వేగంగా కదలడం ఆనాటి శాస్త్రవేత్తలకు పెద్ద వింత. ఈనాడు అందరూ మాట్లాడే ఘన ఎలక్ట్రోలైట్ బ్యాటరీలన్నిటికీ (అయాన్లు ద్రవంలో కాక ఘనపదార్థంలో నడిచేవి) మూలం ఆ ప్రయోగశాలలో ఉందని నా నమ్మకం.

ఈ పదార్థంలో రెండు రకాలున్నాయి. మామూలు బీటా ఒకటి, 'బీటా డబుల్ ప్రైమ్' అనేది రెండోది. రెండోదానిలో అంతస్తుకు ఎక్కువ సోడియం అయాన్లు పడతాయి, కాబట్టి విద్యుత్తు మరింత తేలిగ్గా సాగుతుంది. బ్యాటరీలకు కావలసింది అదే. కానీ అది మొండిది. దాన్ని కొలిమి వేడిలో ఒట్టిగా వదిలేస్తే నిలవదు. కొద్దిపాటి మెగ్నీషియం గానీ లిథియం గానీ కలిపితేనే స్థిరపడుతుంది. అల్యూమినియానికి మూడు ధనావేశాలు, మెగ్నీషియానికి రెండు, లిథియానికి ఒకటి. అల్యూమినియం ఖాళీ చేసిన చోట వీటిని కూర్చోబెడితే ఆవేశం తక్కువవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మరిన్ని సోడియం అయాన్లు వచ్చి చేరతాయి.

గొట్టం కాల్చడం

ఇక అసలు పని. కొలతలు మనసులో పెట్టుకుంటే కష్టం అర్థమవుతుంది. జపాన్‌లో తయారైన పెద్ద సోడియం–గంధకం సెల్ అర మీటరు పొడవు, 9 సెంటీమీటర్ల వ్యాసం, 5 కిలోలకు పైగా బరువు ఉండేది. ఒక్కో సెల్ సుమారు 1.2 యూనిట్ల కరెంటు దాచుకుంటుంది. దాని లోపలి గొట్టం ఒక చివర మూసి, ఒక చివర తెరిచి, పెద్ద పరీక్షనాళికలా ఉంటుంది. పొడవునా గోడ మందం ఒకేలా ఉండాలి. సూదిమొనంత రంధ్రం కూడా ఎక్కడా ఉండకూడదు.

అల్యూమినా పొడి, సోడా, లిథియం లేదా మెగ్నీషియం లవణం తూకం వేసి, నీళ్లలో కలిపి, బాల్ మిల్లులో గంటల తరబడి నూరతారు. చిక్కటి మజ్జిగలాంటి ద్రవం తయారవుతుంది. దాన్ని వేడిగాలిలోకి చిమ్మి ఆరబెడతారు, పాలపొడి చేసినట్టే. సన్నటి గుండ్రటి రేణువులు రాలతాయి. ఆ రేణువులను ఉక్కు కడ్డీ చుట్టూ ఉన్న రబ్బరు సంచిలో నింపి, సంచిని ద్రవంలో ముంచి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు మించిన ఒత్తిడితో అన్ని వైపుల నుంచీ ఒకేలా నొక్కుతారు. కడ్డీ లాగేస్తే పచ్చిగొట్టం చేతికొస్తుంది. కుండలవాళ్లు ఆరిన పచ్చికుండను ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారో దీన్నీ అలాగే పట్టుకోవాలి, సుద్దముక్కలా విరిగిపోతుంది.

పొడి నింపడంలోనే సగం నాణ్యత తేలిపోతుంది. ఒకచోట రేణువులు పలచగా పడితే అక్కడ కాలిన తర్వాత బోలు మిగులుతుంది. ఒక వెంట్రుక పడితే అది కాలిపోయి దాని ఆకారంలో సొరంగం ఏర్పడుతుంది. అందుకే ఇక్కడ శుభ్రత ఆసుపత్రి ఆపరేషన్ గదిని తలపిస్తుంది.

తర్వాత కాల్చడం, సుమారు 1,600 డిగ్రీల దగ్గర. పింగాణీ తయారీలో ఇది మామూలు వేడే. చిక్కంతా సోడియంతో. ఆ వేడిలో సోడియం ఆక్సైడు ఆవిరై పోతుంది. అది పోతే గొట్టం పైపొరలు ఒట్టి అల్యూమినాగా మారి, అయాన్లకు దారి మూసేస్తాయి. కాబట్టి గొట్టాన్ని కొలిమిలో నేరుగా పెట్టరు. మెగ్నీషియం ఆక్సైడుతో చేసిన మూత ఉన్న పాత్రలో, సోడియం ఎక్కువున్న పొడి తోడుగా పెట్టి మూస్తారు. పాత్రలోనే సోడియం ఆవిరి నిండి ఉంటుంది కాబట్టి గొట్టం లోపలి సోడియం బయటికి రాదు. ఆ ఆవిరికి పాత్రలూ కొలిమి గోడలూ కూడా పాడవుతాయి. వాటిని మార్చుకుంటూ ఉండే ఖర్చు కూడా గొట్టం ధరలోనే కలుస్తుంది.

ఇంకో చిక్కు పాకం లాంటిది. అరిసెల పాకం తీసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. నిమిషం ముందు దించితే లేత, నిమిషం ఆలస్యమైతే ముదురు. గొట్టం త్వరగా దించితే రంధ్రాలు మిగులుతాయి. ఆలస్యం చేసినా, పదీ ఇరవై డిగ్రీలు ఎక్కువైనా లోపలి రేణువులు ఒకదాన్నొకటి మింగి పెరుగుతాయి. కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నటి రేణువుల మధ్య వంద మైక్రాన్లు దాటిన పలకల్లాంటివి నాలుగు మొలుస్తాయి. పగులు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. పైగా కాలుతున్నప్పుడు గొట్టం పొడవులో ఆరో వంతు దాకా కుదించుకుపోతుంది. కుదింపు ఒక పక్క ఎక్కువైతే వంకర తిరుగుతుంది, నోరు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది.

దీనికి ఒక్కొక్కరు ఒక్కో ఉపాయం పట్టారు. ఇంగ్లండులో సన్నటి కొలిమి గుండా గొట్టాన్ని మెల్లగా జరుపుతూ, ఒక్కో చోటును కొద్ది నిమిషాలే గరిష్ఠ వేడిలో ఉంచేవారు. సోడియం పారిపోవడానికి, రేణువులు పెరగడానికి వ్యవధే ఇవ్వకపోవడం అక్కడి కిటుకు. అమెరికాలో ఉటా రాష్ట్రంలో లిథియాన్ని ముందే అల్యూమినాతో కలిపి కాల్చి, ఆ పొడిని మిశ్రమంలో వేసేవారు. అలా చేస్తే లిథియం అంతటా సమంగా పరుచుకుంటుంది. మరికొందరు జిర్కోనియా అనే గట్టి పింగాణీ పదార్థం కలిపి పగులుకు అడ్డుకట్ట వేశారు. ఇప్పటికీ ఏ కంపెనీ కూడా తన కొలిమి లెక్కలు బయటపెట్టదు. గొట్టం రహస్యమంతా వేడి ఎక్కించి దించే ఆ క్రమంలో ఉంది.

కాలిన గొట్టానికి తేమ కూడా శత్రువే. గాలిలో వదిలేస్తే నీటిని, కార్బన్ డయాక్సైడును పీల్చుకుని పైన సోడియం కార్బొనేటు పొర కడుతుంది. కాబట్టి పొడిగాలి గదుల్లో దాచి, వాడేముందు మళ్లీ వేడి చేస్తారు. ఆ తర్వాతే ఒక్కో గొట్టానికి పరీక్ష: కొలతలు, లీకు, లోపలి నుంచి ఒత్తిడి పెట్టి తట్టుకుంటుందో లేదో చూడటం. వందలో ఎన్ని నిలిస్తే బ్యాటరీ ధర అంతగా దిగుతుంది.

'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అని మనకో సామెత ఉంది. సెల్ లోపల గుదియ (దుడ్డుకర్ర) పని చేసేది సోడియమే. చార్జింగ్ వేళ అయాన్లు గోడ దాటి వచ్చి సోడియం పక్క లోహంగా మారతాయి. గోడ మీద కంటికి కనిపించని చీలిక ఉంటే ఆ చీలికలోనే లోహం పుడుతుంది. కరెంటు ఎక్కువగా తోస్తే పుట్టిన లోహం బయటికి రావడానికి దారి చాలక లోపల ఒత్తిడి పెంచుతుంది. మేకు దిగినట్టు చీలిక ముందుకు సాగుతుంది. ఒకరోజు గోడ అవతలి పక్కకు చేరుతుంది. లిథియం ఘన బ్యాటరీలను పీడిస్తున్నది కూడా ఇదే జబ్బు. సోడియం వాళ్లు దాన్ని 1970ల్లోనే చూశారు.

సరుకు శుద్ధత కూడా తక్కువ విషయం కాదు. సోడియంలో పొటాషియం కలిసి ఉంటే, సోడియంకన్నా పెద్దదైన ఆ అయాను గోడలోకి దూరి, అంతస్తులను ఉబ్బించి పగలగొడుతుంది. కాల్షియం పోగై దారి మూస్తుంది. చినగంజాం, నౌపడ కళ్లాల్లో పండే సముద్రపు ఉప్పులో ఈ రెండూ ఉంటాయి. ఉప్పు చవకే, బ్యాటరీకి తగినంత శుద్ధి చేసిన ఉప్పు వేరే సరుకు.

మూత బిగించే కష్టం

గొట్టం బాగా వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. దానికి మూత పెట్టాలి. ఆ మూత రెండు పక్కల ద్రవాలను, ఆవిర్లను విడదీసి ఉంచాలి, అలాగే రెండు పక్కల లోహపు భాగాలు ఒకదానికొకటి తగలకుండా చూడాలి. అందుకని గొట్టం నోటికి మామూలు అల్యూమినా ఉంగరం తొడుగుతారు. అది అయాన్లను కూడా పోనివ్వదు. ఆ రెండు పింగాణీల అతుకు గాజుతో వేస్తారు. ఇది మామూలు గాజు కాకూడదు. ఇసుక పాలు ఎక్కువున్న గాజును సోడియం ఆవిరి నల్లబరిచి తినేస్తుంది. బోరాన్, అల్యూమినా పాలు ఎక్కువున్న గాజు కావాలి. వేడికి అది వ్యాకోచించే తీరు పింగాణీ తీరుతో కలవాలి. లేకపోతే చల్లారేటప్పుడే చిట్లుతుంది.

ఆ ఉంగరానికి లోహపు మూత అతకడానికి అల్యూమినియం వాడతారు. అది కరిగే 660 డిగ్రీలకు కాస్త దిగువన మెత్తగా చేసి, గట్టి ఒత్తిడితో పింగాణీ మీద అదుముతారు. కరగకుండానే రెండూ పట్టుకుంటాయి. చదవడానికి రెండు వాక్యాలు, కుదర్చడానికి ఎన్నో ఏళ్లు. చాలా ప్రయోగ సెల్లులు గొట్టం పగలక ముందే ఈ అతుకుల దగ్గర ఓడిపోయాయి.

ఇక బయటి డబ్బా. వేడి పాలీసల్ఫైడు ఉక్కును తినేస్తుంది. తిన్న ఇనుము ఇనుప సల్ఫైడుగా మారి గంధకాన్ని ఖర్చు పెట్టడమే కాక, ద్రవంలో తేలి దార్లు మూస్తుంది. అందుకని అల్యూమినియం డబ్బా లోపలి గోడకు క్రోమియం ఎక్కువున్న ఇనుప మిశ్రమాన్ని ప్లాస్మా మంటతో చిమ్మి పూత వేసే పద్ధతి వచ్చింది. పూతలో ఒక్క చుక్కంత లోపం ఉన్నా పదేళ్లలో డబ్బాకు చిల్లు పడుతుంది.

నగోయా నుంచి

ఫోర్డ్ ఆశ కార్ల మీద. 1990ల మొదట్లో ఎకోస్టార్ అనే విద్యుత్ వ్యాన్లను సోడియం–గంధకం బ్యాటరీతో రోడ్డెక్కించింది. చార్జింగ్‌లో ఉండగా కొన్నిటికి మంటలంటుకున్నాయి. కార్ల కథ దాదాపు అక్కడితో ముగిసింది.

ఈ బ్యాటరీని నిజంగా నిలబెట్టింది ఎన్‌జీకే ఇన్సులేటర్స్ అనే జపాన్ కంపెనీ. మన కరెంటు స్తంభాల మీద కనిపించే పింగాణీ కప్పుల్లాంటివి తయారు చేయడానికి 1919లో నగోయాలో పుట్టింది. దశాబ్దాలపాటు చేసిందల్లా పింగాణీ నొక్కడం, కాల్చడం, విరగకుండా పరీక్షించడం. 1980ల్లో టోక్యో విద్యుత్ సంస్థ టెప్కోతో కలిసి గొట్టం మీద పడింది. 2002 నాటికి వ్యాపారానికి తెచ్చింది. కార్ల కంపెనీలు, బ్యాటరీ కంపెనీలు వదిలేసిన చోట కుండలు కాల్చేవాళ్లు గెలవడం నాకు యాదృచ్ఛికం అనిపించదు.

వాళ్లు దాన్ని వాహనాల జోలికి తీసుకెళ్లలేదు. కదలకుండా నేల మీద ఉండి, ఆరేడు గంటలపాటు నిదానంగా కరెంటు ఇచ్చే పనికి కుదిర్చారు. 2008లో ఉత్తర జపాన్‌లోని రొక్కాషో దగ్గర 51 మెగావాట్ల గాలిమరలకు 34 మెగావాట్ల సోడియం–గంధకం బ్యాటరీ జతచేశారు. 2010లో అమెరికాలోని టెక్సాస్ సరిహద్దు పట్టణం ప్రెసిడియోకు 4 మెగావాట్ల బ్యాటరీ వెళ్లింది. అప్పట్లో ఒకే పాత విద్యుత్ లైను మీద బతుకుతున్న ఊరది. 2016లో క్యూషూ దీవిలోని బుజెన్‌లో 50 మెగావాట్ల, 300 మెగావాట్ అవర్ల కేంద్రం లేచింది.

మధ్యలో 2011 వచ్చింది. సెప్టెంబరు 21న ఇబరాకి ప్రాంతంలో ఒక మిత్సుబిషి మెటీరియల్స్ కర్మాగారంలో ఉన్న సోడియం–గంధకం బ్యాటరీకి నిప్పంటుకుంది. పూర్తిగా ఆరిందని తేల్చడానికి రెండు వారాలు పట్టింది. నీళ్లు పోసి ఆర్పే మంట కాదు కదా అది. దర్యాప్తులో తేలిన వరుస ఇది: ఒక సెల్ పగిలి కరిగిన పదార్థం బయటికొచ్చింది. సెల్లుల మధ్య నింపిన ఇసుక మీదుగా పారి పక్క సెల్లుల మధ్య షార్ట్ సర్క్యూట్ చేసింది. ఆ దారిలో ఫ్యూజు లేదు. వేడి పెరిగి మరిన్ని సెల్లులు పగిలాయి, మంట పక్క పెట్టెలకు పాకింది. నిజానికి ఒక్కో సెల్ లోపల సోడియాన్ని లోహపు గొట్టంలో ఉంచి, చిన్న రంధ్రం గుండా కొద్దికొద్దిగానే గోడ దగ్గరికి వచ్చేట్టు ముందే కట్టారు. గొట్టం పగిలినా అంతా ఒక్కసారి కలవకూడదని. ఆ జాగ్రత్త సెల్ లోపలికే పరిమితం. ప్రమాదం సెల్ బయట, సెల్లుకీ సెల్లుకీ మధ్య సాగింది. తర్వాత సెల్లుల మధ్య ఫ్యూజులు, షార్టును ఆపే పలకలు, పెట్టెల మధ్య మంటను ఆపే పలకలు చేర్చారు. నేర్చుకున్న పాఠాన్ని దాచకుండా చెప్పినందుకే ఆ తర్వాత కూడా కొనేవాళ్లు దొరికారని అనుకుంటాను.

ఉప్పుతో మొదలుపెట్టే దారి

ఇదే గొట్టంతో ఇంకో దారి దక్షిణాఫ్రికాలో దొరికింది. 1970ల చివర పని మొదలుపెట్టిన ప్రిటోరియాలోని యోహాన్ కూట్జర్ బృందం గంధకాన్ని తీసేసి నికెల్ క్లోరైడు పెట్టింది. ఈ రకం బ్యాటరీకి 'జీబ్రా' అనే పేరు అక్కడి పరిశోధన ప్రాజెక్టు పేరులోని తొలి అక్షరాల నుంచి వచ్చింది. అక్కడి నుంచి ఇంగ్లండులోని డెర్బీకి, తర్వాత స్విట్జర్లాండుకు సాగింది.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది తయారీ. సోడియం లోహాన్ని ఎవరూ ముట్టుకోరు. నికెల్ పొడి, ఇనుప పొడి, ఉప్పు కలిపి, నొక్కి, బియ్యపు నూకల్లా చేసి గొట్టంలో పోస్తారు. పైన సోడియం అల్యూమినియం క్లోరైడు అనే లవణాన్ని కరిగించి ఇంకిస్తారు, అది 157 డిగ్రీలకు కరుగుతుంది. వెల్డింగ్ చేసి మూసేస్తారు. అంటే బ్యాటరీ ఖాళీగా పుడుతుంది. మొదటిసారి వేడి చేసి చార్జ్ చేసినప్పుడు ఉప్పులోని సోడియం గోడ దాటి అవతలికి వెళ్లి అక్కడ లోహంగా పుడుతుంది. నికెల్ నికెల్ క్లోరైడు అవుతుంది. వోల్టేజీ 2.58.

ఇక్కడ సోడియం గొట్టం బయట, లవణం లోపల. ఈ తారుమారు వెనుక డబ్బా లెక్క ఉంది. కరిగిన సోడియం మామూలు ఉక్కును తినదు. కాబట్టి బయటి డబ్బా చవక ఉక్కుతో చాలు. తినే గుణమున్న లవణం పింగాణీ లోపలే ఉంటుంది. అక్కడ కరెంటు తీసే కడ్డీకి మాత్రం నికెల్ కావాలి. గొట్టాన్ని గుండ్రంగా కాక నాలుగు రేకుల పువ్వులా చేస్తారు. అదే చోటులో గోడ వైశాల్యం పెరుగుతుంది. అలాంటి ఆకారాన్ని వంకర లేకుండా కాల్చడం మరింత కష్టమని వేరే చెప్పక్కర్లేదు.

గొట్టం పగిలితే ఏమవుతుందన్నది అసలు తేడా. ఇక్కడ సోడియం ముందుగా కలిసేది ఆ కరిగిన లవణంతో. రెండూ కలిసి మామూలు ఉప్పు, అల్యూమినియం లోహం అవుతాయి. అల్యూమినియం సెల్లును లోపలే షార్ట్ చేస్తుంది. వరుసలో ఒక సెల్ చచ్చినా తీగముక్కలా కరెంటును ముందుకు పోనిస్తుంది. వరుస మొత్తం ఆగిపోదు, ఆ సెల్ వోల్టేజీ మాత్రమే తగ్గుతుంది. చల్లారి గడ్డకట్టి మళ్లీ కరిగించినా ఈ సెల్ తట్టుకుంటుంది. గంధకం సెల్లులో ఆ గడ్డకట్టడమే గొట్టం మీద ప్రమాదకరమైన ఒత్తిడి.

అయినా దీనికీ ఖరీదు ఉంది. యూనిట్ నిల్వకు దాదాపు కిలోన్నర నికెల్ పడుతుంది. అందుకే ఇనుము పాలు పెంచే ప్రయత్నం ఎప్పుడూ సాగుతూనే ఉంది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 2012లో న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో ఈ రకానికి పెద్ద కర్మాగారం తెరిచింది. మూడేళ్లు తిరక్కుండానే వెనక్కి తగ్గింది. లిథియం ధర అప్పటికే కిందికి జారుతోంది.

వేడి: శాపమూ, వరమూ

వేడిగా ఉంచడానికి సెల్లులను గాలి తీసేసిన రెండు గోడల పెట్టెలో, థర్మాస్ ఫ్లాస్కు పద్ధతిలో పెడతారు. అయినా 20 యూనిట్ల జీబ్రా పెట్టె నుంచి సుమారు వంద వాట్ల వేడి బయటికి పోతుంది. వాడకుండా ఉంచితే రోజుకు రెండు యూనిట్లకు పైగా దానికే ఖర్చు. రోజూ నింపి, రోజూ ఖాళీ చేస్తే ఆ వేడి లోపలి నిరోధం నుంచే పుడుతుంది, విడిగా ఖర్చు పెట్టాల్సింది తక్కువ. కాబట్టి ఎప్పుడో ఒకసారి అక్కరకొచ్చే పనికి ఇది దండగ. పగటి సోలార్ కరెంటును రాత్రికి దాచే పనికి బాగా నప్పుతుంది.

మన రెండు రాష్ట్రాలకు ఇక్కడ ఒక నిజమైన సంబంధం ఉంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండకు లిథియం బ్యాటరీ కంటైనర్లకు కూలింగ్ తప్పదు. ఆ ఏసీ కరెంటు కూడా నిల్వలోంచే పోతుంది. 300 డిగ్రీల దగ్గర బతికే సెల్లుకు బయట 46 ఉన్నా 16 ఉన్నా ఒకటే. రాయలసీమలో సోలార్, గాలి కరెంటు దాచడానికి పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి ఎక్కించి దాచి, దించుతూ కరెంటు తీసే కేంద్రం) కట్టింది కూడా ఇలాంటి గంటల తరబడి నిల్వ కోసమే. కొండ, లోయ, నీళ్లు లేని చోట ఆ పని చేయగలిగినవి కొన్నే ఉన్నాయి.

అయితే ధర దగ్గర నాకు భ్రమ లేదు. ఐరన్ ఫాస్ఫేట్ లిథియం సెల్లులు లక్షల్లో, రేకు మీద పూత పూసి చుట్టే యంత్రాల్లో తయారవుతాయి. గొట్టం మాత్రం ఒక్కొక్కటిగా నొక్కి, ఒక్కొక్కటిగా కాల్చి, ఒక్కొక్కటిగా పరీక్షించాలి. గంధకం ఉచితంగా ఇచ్చినా ఆ తేడా పూడదు. పూడాలంటే గొట్టం తయారీనే మారాలి.

ఆ పని కొన్నిచోట్ల జరుగుతోంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ ఐకేటీఎస్ సంస్థ పొడిని ఒక్కొక్క సంచిలో నొక్కడం మానేసి, జంతికల గొట్టంలోంచి పిండి వత్తినట్టు ముద్దను వత్తి గొట్టాలు తీస్తోంది. అమెరికాలో పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల గొట్టాన్నే వదిలి చదును పలక పట్టింది. 2016లో 190 డిగ్రీల దగ్గరే నడిచే నికెల్ క్లోరైడు సెల్ చూపించింది. వేడి అంత తగ్గితే గాజు అతుకు బదులు పాలిమర్ సీలు పెట్టొచ్చు. పలకకు మాత్రం వేరే గండం ఉంది. గొట్టం తన ఆకారం వల్లే ఒత్తిడిని పంచుకుంటుంది. పలక అంచుల దగ్గర వంగి విరుగుతుంది.

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రంలో పొడి లోహాలు, పింగాణీలు, ప్లాస్మా పూతల మీద ఏళ్ల తరబడి పని జరుగుతోంది. బెంగళూరులో బీహెచ్ఈఎల్ ఇన్సులేటర్లు కాల్చింది. కల్పాక్కం అణు కేంద్రంలో కరిగిన సోడియాన్ని టన్నుల లెక్కన పైపుల్లో తిప్పడం తెలిసినవాళ్లున్నారు. పొడి నొక్కడం, పూత చిమ్మడం, పింగాణీ కాల్చడం, సోడియంతో భయపడకుండా మెలగడం: ఈ బ్యాటరీకి కావలసిన నాలుగు విద్యలూ దక్షిణాదిలో ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి.